నెపోలియన్‌ని ఓడించింది మంచు కాదు, తిట్లు తిన్న ఒక మనిషి

నాలుగేళ్ళ కిందట మా ఆఫీసులో ఒక ట్రైనింగ్ పెట్టారు. అంకెల్ని బొమ్మలుగా ఎలా చూపించాలి అనే విషయం మీద, రెండు రోజులు, మధ్యాహ్నం బిర్యానీతో సహా. బిర్యానీ తర్వాత సెషన్‌లో సగం మంది కునికిపాట్లు పడుతుంటే ట్రైనర్ తెర మీద ఒక పాత ఫ్రెంచి మ్యాప్ వేశాడు. "చార్టుల్లో ఇంతకంటే గొప్పది లేదంటారు. రష్యా చలి నెపోలియన్ సైన్యాన్ని ఎలా మింగేసిందో ఒక్క బొమ్మలో కనిపిస్తుంది చూడండి" అన్నాడు. అందరితోపాటు నేనూ తల ఊపాను. చిన్నప్పుడు మా సోషల్ సారు చెప్పిందీ ఇదే కదా, నెపోలియన్ రష్యా మీదికి వెళ్ళాడు, మంచు పడింది, సైన్యం చచ్చిపోయింది, అయిపోయింది. టీ టైంలో ఆ మ్యాప్ ప్రింటు నా చేతికొచ్చింది. ఒక చేత్తో సమోసా, ఇంకో చేత్తో మ్యాప్ పట్టుకుని మళ్ళీ చూస్తుంటే ఎక్కడో తేడా కొట్టింది.

ఆ మ్యాప్ గీసినాయన షార్ల్ మినార్, రిటైరైన ఇంజనీరు. 1869లో గీశాడు, అప్పటికి ఆయనకి 88 ఏళ్ళు. ఎడమవైపు అప్పటి రష్యా సరిహద్దైన నీమన్ నది దగ్గర ఒక లావుపాటి గోధుమరంగు పట్టీ మొదలవుతుంది. పట్టీ వెడల్పులో ఒక్కో మిల్లీమీటరూ పదేసి వేల మంది మనుషులు. బయల్దేరినప్పుడు 4,22,000 మంది. కుడిచివర మాస్కో చేరేసరికి 1,00,000. అక్కడినుంచి నల్లరంగులో తిరుగుదారి, అది సన్నబడీ సన్నబడీ నీమన్ దగ్గరికొచ్చేసరికి 10,000. దాని కింద చలి ఎంతుందో చూపించే గీత, అప్పటి రియోమర్ కొలతలో. డిసెంబర్ 6న మైనస్ 30, అంటే మన లెక్కలో మైనస్ 37 దాటి. చదువుతుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది, అందుకే అందరి కళ్ళూ అక్కడికే పోతాయి.

కానీ ఆ చలి గీత ఉన్నది తిరుగుదారికి మాత్రమే. అందులో మొదటి రీడింగు అక్టోబర్ 18, సున్నా డిగ్రీలు. ఆ రోజుకి పట్టీ నాలుగో వంతు కూడా మిగల్లేదు! దారిలో వేరే పనుల మీద పంపిన 22,000 మందినీ, ఇంకో వైపు పంపిన 60,000 మందినీ తీసేసినా, మినార్ లెక్క ప్రకారమే ఇంకా 2,40,000 మంది ఏమయ్యారో తేలాలి. వాళ్ళంతా పోయింది జూన్ ఆఖరుకీ సెప్టెంబర్ మధ్యకీ నడుమ. అంటే నడి ఎండాకాలంలో. మినార్ తన వీలు కోసం లెక్కలు కొంచెం సర్దాడు, చరిత్రకారులు ఈ అంకెల్ని అటూ ఇటూ జరుపుతారు, అది వేరే సంగతి. ఎలా జరిపినా బొమ్మ ఆకారం మారదు. మంచు పడేనాటికే ఆ సైన్యం నడుం విరిగిపోయింది.

మరి విరిచిందెవరు?

నా జవాబు మైకేల్ బార్క్లే ద తోల్లీ. పేరు వినగానే ఫ్రెంచివాడేమో అనిపిస్తుంది, కాదు. వంశం ఎప్పుడో స్కాట్లాండ్ నుంచి బాల్టిక్ తీరానికొచ్చి స్థిరపడింది, ఇంట్లో మాట్లాడేది జర్మన్, మతం లూథరన్, పెరిగింది అప్పటి రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బంధువుల ఇంట్లో, కొలువు రష్యా చక్రవర్తి జార్ దగ్గర. 1807లో ఐలావ్ యుద్ధంలో చెయ్యి నుజ్జయింది. 1809 మార్చిలో గడ్డకట్టిన సముద్రం మీద సైన్యాన్ని నడిపించి ఫిన్లాండ్ నుంచి స్వీడన్ ఒడ్డుకి చేర్చాడు. మామూలుగా అయితే ఇదొక్కటి చాలు మనిషికి జీవితాంతం పేరు నిలవడానికి. 1810లో యుద్ధశాఖ మంత్రి అయ్యాడు. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. సైనికుల మధ్య కూచుని నాలుగు ముచ్చట్లు చెప్పడం అతని వల్ల కాదు. ఎందుకో గానీ, పని చేసేవాడికి చాలాసార్లు ఈ లోపం ఉంటుంది.

1812 జూన్ 24న నెపోలియన్ నీమన్ దాటాడు. (తేదీలన్నీ ఇప్పటి క్యాలెండర్ ప్రకారం రాస్తున్నాను, అప్పటి రష్యా క్యాలెండర్ 12 రోజులు వెనక, చదివేటప్పుడు అదొక తలనొప్పి.) ఎదురుగా బార్క్లే కింద మొదటి సైన్యం, సుమారు 1,20,000 మంది. దక్షిణాన దూరంగా ప్రిన్స్ బగ్రతియోన్ కింద రెండో సైన్యం, 50,000 లోపే. రెండూ విడివిడిగా ఉన్నాయి. నెపోలియన్‌కి కావలసింది సరిగ్గా ఇదే. అతని యుద్ధాలన్నీ చూస్తే లెక్క ఒకటే. సరిహద్దు దాటు, శత్రువు ప్రధాన సైన్యాన్ని పట్టుకో, ఒకే ఒక్క పెద్ద యుద్ధంలో నలగ్గొట్టు, రాజుతో సంతకం పెట్టించుకో. 1805లో ఆస్టర్‌లిట్జ్‌లో అదే చేశాడు, 1807లో ఫ్రీడ్‌లాండ్‌లో అదే చేశాడు, రెండుసార్లూ దెబ్బతిన్నవాళ్ళలో రష్యన్లున్నారు. మూడోసారీ మూడు నాలుగు వారాల్లో తేలిపోతుందని అనుకున్నాడు.

జార్ అలెగ్జాండర్ సలహాదారుల్లో ఫూల్ అని ఒక ప్రష్యన్ సిద్ధాంతకర్త ఉన్నాడు. ద్రిస్సా అనే చోట నది వంపులో పెద్ద కోట శిబిరం కట్టించాడు, కాగితం మీద అద్భుతంగా ఉంటుంది. చూసిన ప్రతి సైనికాధికారికీ అది ఎలకల బోనులా కనిపించింది. దాన్ని వదిలేసి కదలడం బార్క్లే మొదటి మంచి పని. తర్వాత జార్ సైన్యాన్ని వదిలి మాస్కోకి వెళ్ళిపోతూ, "నా సైన్యాన్ని నీకప్పగిస్తున్నాను, నాకింకో సైన్యం లేదని మర్చిపోకు" అన్నాడట. ఆ ఒక్క మాటని అక్షరాలా పాటించినందుకే రేపు ఊరంతా తిట్టబోతోందని పాపం బార్క్లేకి తెలీదు. తెలుసేమో కూడా.

జూలై 27 రాత్రి, వీటెబ్స్క్ ఊరి బయట. బార్క్లే నిజానికి ఇక్కడ యుద్ధం చేద్దామనే నిలబడ్డాడు, బగ్రతియోన్ వచ్చి కలుస్తాడన్న ఆశతో. మధ్యాహ్నానికి కబురొచ్చింది, దారి మూసుకుపోయింది, బగ్రతియోన్ రాలేడు, స్మోలెన్స్క్ వైపు తిరిగి పోతున్నాడు. అవతల నెపోలియన్ రేపు పొద్దున్నే తేల్చేద్దామని ఆ రోజుకి ఆపాడు. చీకటి పడ్డాక రష్యన్ శిబిరంలో నెగళ్ళు ఎప్పటిలాగే మండుతున్నాయి. ఫ్రెంచి కాపలావాళ్ళకి రాత్రంతా అవి కనబడుతూనే ఉన్నాయి. తెల్లారి చూస్తే బూడిద తప్ప ఏమీ లేదు. మనుషుల్లేరు, ఫిరంగుల్లేవు, బండ్లు లేవు, ఎటు పోయారో చెప్పేవాడు లేడు. ఒక పొద కింద నిద్రపోతున్న ఒక్క రష్యన్ సిపాయి దొరికాడనీ, ఆ మహాయుద్ధంలో చిక్కిన ఖైదీ అతనొక్కడేననీ నెపోలియన్ వెంట ఉన్న అధికారి ఒకాయన తర్వాత రాసుకున్నాడు.

నాకు ఈ సీన్ అంటే ఎంత ఇష్టమో చెప్పలేను. యుద్ధానికి సిద్ధంగా నిలబెట్టిన వేలమంది మనుషుల్ని, గుర్రాల్ని, ఫిరంగుల్ని, శత్రువు అంత దగ్గరలో కాపలా కాస్తుండగా, చప్పుడు కాకుండా రాత్రికి రాత్రి తప్పించడమంటే మాటలా? మన పెళ్ళిళ్ళలో రెండు బస్సుల జనాన్ని కల్యాణమంటపం నుంచి కదిలించడానికే మూడు గంటలు పడుతుంది. సైన్యం పారిపోవడం వేరు, వెనక్కి నడవడం వేరు. పారిపోయే సైన్యం ఫిరంగులు వదిలేస్తుంది, బండ్లు వదిలేస్తుంది, గాయపడినవాళ్ళని వదిలేస్తుంది, చివరికి సైన్యంలా ఉండటమే వదిలేస్తుంది. బార్క్లే సైన్యం వందల కిలోమీటర్లు వెనక్కి నడిచి కూడా సైన్యంగానే మిగిలింది. మంత్రిగా రెండేళ్ళు అతను కూచుని తయారుచేసిన నియమావళి, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి, తిండి ఎవరు చూడాలి, బండ్లు ఎవరు చూడాలి అనే బోరుకొట్టే కాగితాలు, ఇక్కడ పనికొచ్చాయి.

ఇటు ఫ్రెంచి సైన్యం సంగతి. నెపోలియన్ సైన్యాలకి వేగం ఎక్కడినుంచి వచ్చేదంటే, పోయినచోటే తినడం నుంచి. ఇటలీలోనో జర్మనీలోనో నాలుగడుగులకో ఊరు, ఊరినిండా ధాన్యం. లిత్వేనియా, బెలారుస్ అలా కాదు. ఊళ్ళు పల్చన, దార్లు ఇసక, వానొస్తే బురద. ఈసారి తిండి బండ్లు భారీగానే కట్టించాడు గానీ అవి సైన్యం వెనక రోజుల దూరంలో పడిపోయాయి. జూన్ ఆఖర్లో విల్నా దగ్గర పెద్ద గాలివాన, దాంతో పాటు ఒక్కసారిగా చలి. పచ్చి రై పైరు మేసి అప్పటికే కడుపుబ్బి ఉన్న గుర్రాలు వేలకొద్దీ చచ్చాయి. గుర్రం పోతే బండి కదలదు, బండి కదలకపోతే రొట్టె రాదు, రొట్టె రాకపోతే సిపాయి పక్క ఊళ్ళోకి వెతుక్కుంటూ పోతాడు, పోయినవాడు తిరిగి వస్తాడో లేదో వాడికే తెలీదు. తర్వాత విరేచనాలు, పేలవల్ల టైఫస్. యుద్ధమే లేదు, రోజూ మనుషులు మాత్రం తగ్గుతున్నారు. యుద్ధం దొరికితే ఆగొచ్చు, అది రేపు దొరుకుతుంది, ఎల్లుండి దొరుకుతుంది అని ఇంకో ఇరవై కిలోమీటర్లు నడవాలి. ఆ రేపుని రోజూ చేజిక్కకుండా చేసిందే బార్క్లే చేసిన యుద్ధం. నీమన్ నుంచి మాస్కోకి సుమారు 900 కిలోమీటర్లు, ఇంచుమించు హైదరాబాద్ నుంచి భోపాల్ దాటే దూరం, ఎండలో, భుజాన బరువుతో, ఖాళీ కడుపుతో.

ఇదంతా ఇప్పుడు మ్యాప్ ముందు పెట్టుకుని చెప్పడం తేలిక. అప్పటి రష్యన్ సిపాయికి మ్యాప్ కనబడదు, తన వెనక తగలబడుతున్న ఊరు కనబడుతుంది. అందుకే కోపాన్ని నేను తప్పుపట్టను. మన భాషనే చూడండి. వెన్ను చూపడం, తోక ముడవడం, కాలికి బుద్ధి చెప్పడం, పలాయనం చిత్తగించడం, ఉత్తరకుమారుడు. వెనక్కి నడిచేవాణ్ణి వెక్కిరించడానికి ఇన్ని మాటలున్నాయి, మెచ్చుకోవడానికి వెతికితే ఒక్క పొట్టేలు దొరికింది. పొట్టేలు వెనక్కి తగ్గేది పొడవడానికే అంటాం, అంటే దానికీ చివర్లో పొడవాలనే షరతుంది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి కోట మీదికి వచ్చినప్పుడు కోటలోనే చచ్చిపోయినవాళ్ళని మనం ఇవాళ్టికీ బుర్రకథల్లో పాడుకుంటాం. కోట ఖాళీ చేసి అడవిలోకి జారుకుని ఉంటే పాడుకునేవాళ్ళమా? రష్యన్లకీ అంతే.

ఆగస్టు 16న స్మోలెన్స్క్ దగ్గర యుద్ధం మొదలైంది. పాత గోడల నగరం, మాస్కోకి గడప లాంటిది, మేరీమాత చిత్రపటం ఉన్న పుణ్యక్షేత్రం. రెండు సైన్యాలూ ఇక్కడే కలిశాయి కాబట్టి ఇక వెనక్కి పోయే ప్రసక్తే లేదని అందరూ అనుకున్నారు. రెండు రోజులు గోడల కింద నెపోలియన్ సైన్యం నెత్తురు కారింది, రష్యన్లదీ కారింది. 17 రాత్రి బార్క్లే వదిలెయ్యమన్నాడు. ఊరు మండుతుండగా సైన్యం మేరీమాత పటాన్ని మోసుకుని మళ్ళీ తూర్పుకి నడిచింది.

అంతే, పళ్ళెం తిరగబడింది. రష్యన్ సైనికులు అతని పేరుతోనే ఒక జోక్ కట్టారు. బార్క్లాయ్ ద తోల్లీ అనే పేరుని కొంచెం వంకర తిప్పి "బల్తాయ్ ద ఇ తోల్కో" అన్నారు, వాగుడు తప్ప ఇంకేం లేదు అని దానర్థం. విచిత్రం ఏమిటంటే అతను వాగేవాడే కాదు. బగ్రతియోన్ కోపం దాచుకునే మనిషి కాదు, పేరుమోసిన రష్యన్ సేనాని సువోరోవ్ దగ్గర పెరిగినవాడు, జార్జియా రాజవంశీకుడు, సీనియారిటీలో బార్క్లే కంటే ఒక మెట్టు పైన. మంత్రిని ద్రోహి అంటూ ఉత్తరాలు రాశాడు. బార్క్లే సొంత సిబ్బంది అధిపతి యెర్మోలోవ్ అతని వెనకాల జార్‌కి రాశాడు. ఈ యెర్మోలోవే తర్వాతెప్పుడో, నీకేం బహుమతి కావాలని జార్ అడిగితే "నన్ను జర్మన్‌గా ప్రమోట్ చెయ్యండి" అన్నాడని చెప్పుకుంటారు, సైన్యంలో పెద్దపీటలన్నీ జర్మన్ పేర్లవాళ్ళకే అని ఎత్తిపొడుపు. జార్ తమ్ముడు కాన్‌స్టంటైన్ అయితే అందరి ముందే నోరు పారేసుకున్నాడు. బార్క్లే అతనికి కొన్ని ముఖ్యమైన కాగితాలిచ్చి రాజధానికి పంపేశాడు. అంటే మర్యాదగా శిబిరం నుంచి గెంటేశాడన్నమాట. నాకు ఈ మనిషి నచ్చడానికి ఇదొక కారణం.

చివరికి జార్ లొంగాడు. ఆగస్టు 20న కుతూజోవ్‌ని సర్వసేనాధిపతిని చేశాడు. అరవై దాటిన మనిషి, తలలోంచి రెండుసార్లు తూటాలు దూసుకుపోయినా బతికినవాడు, ఒక కన్ను సరిగా కనబడదు, అచ్చమైన రష్యన్ పేరు. సైనికులు అతని మీదా ప్రాస కట్టారు, ఈసారి ముద్దుగా. కుతూజోవ్ వచ్చాడు, ఫ్రంత్సూజోవ్‌ని కొట్టడానికి అని. ఫ్రంత్సూజోవ్ అంటే ఫ్రెంచివాళ్ళని. ఒక జనరల్ పేరు ప్రాసకి కుదరడం, ఇంకో జనరల్ పేరు ఎగతాళికి కుదరడం కూడా చరిత్రే. అతను ఆగస్టు 29న వచ్చి, గౌరవవందనంలో నిలబడ్డ కుర్రాళ్ళని చూసి "ఇలాంటివాళ్ళని పెట్టుకుని వెనక్కి పోవడమేంటి!" అన్నాడట. చెప్పి, వెనక్కి పొమ్మన్నాడు. ఇంకా తమాషా ఏంటంటే, అప్పుడు వాళ్ళున్న చోట నిలబడి యుద్ధం చేద్దామని బార్క్లే సన్నాహాలు చేస్తున్నాడు.

ఇక్కడ నాకు మా పాత కంపెనీలో సంగతొకటి గుర్తొస్తుంది. ఒక టీం లీడ్ ఈ రిలీజ్ ఇప్పుడు వద్దు, వెనక్కి తీసుకుందాం అని మీటింగ్ తర్వాత మీటింగ్‌లో చెప్పి చెప్పి, నెగటివ్ మనిషి అనిపించుకుని వేరే ప్రాజెక్టుకి పోయాడు. అతని చోట్లో వచ్చినాయన మొదటి వారంలోనే రిలీజ్‌ని ఆరు వారాలు వెనక్కి జరిపాడు. ఎంత పరిణతి ఉన్న నిర్ణయమో అని పైవాళ్ళ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. రిప్లై ఆల్ కొట్టి కంగ్రాట్స్ చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అయితే కుతూజోవ్‌ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. అదే నడకని అతను నడిపితే సైన్యం సణగకుండా నడిచింది, అది చిన్న విషయం కాదు. బార్క్లే అంతే మొండిగా ఇంకో నెల నడిపి ఉంటే తిరుగుబాటు వచ్చేదేమో. మాస్కో వదిలాక పక్కకి తిరిగి తరూతినో అనే ఊరు చేరి దక్షిణపు ధాన్యం దార్లకి అడ్డంగా కూచోవడం కుతూజోవ్ తెలివే. నా గొడవల్లా లెక్క దగ్గర. నెపోలియన్ సైన్యం మూడో వంతుకి కరిగిపోయాక పగ్గాలు అందుకున్నవాడి ఖాతాలో మొత్తం గెలుపు జమ చేసి, కరిగించినవాణ్ణి చరిత్రలో పిరికివాళ్ళ వరుసలో కూచోబెట్టడం ఏం న్యాయం?

కొందరంటారు, ఇదంతా బార్క్లే ప్లానేం కాదు, సైన్యం చాలక వెనక్కి పోయాడు, దానికి తర్వాత వ్యూహమని పేరుపెట్టారు అని. ఇందులో సగం నిజం. వీటెబ్స్క్‌లో ఆగాలనుకున్నాడు, స్మోలెన్స్క్‌లో ఆగాడు, ఆ తర్వాతా ఆగాలనుకున్నాడు. కానీ 1810లోనే పశ్చిమ సరిహద్దు రక్షణ మీద జార్‌కి రాసిన నివేదికలో లోపలికి తగ్గుతూ శత్రువుని అలసిపోయేలా చెయ్యడం గురించి చెప్పాడు. 1807లో చెయ్యి విరిగి మంచం మీదున్నప్పుడే ఇలాంటి మాటలన్నాడని ఒక కథ కూడా ఉంది. సరే, ప్లాన్ లేదనే అనుకుందాం. రోజూ పొద్దున్నే లేచి, చుట్టూ ఉన్న ప్రతివాడూ "కొట్టు కొట్టు" అంటుంటే, కొడితే సైన్యం పోతుందని తెలిసి కొట్టకుండా ఉండటానికి ప్లాన్ కంటే ఎక్కువేదో కావాలి. అదే పరిస్థితిలో బగ్రతియోన్ ఉండి ఉంటే జూలైలోనే పరువు కోసం నిలబడేవాడని నా అనుమానం. ధైర్యంగా, గొప్పగా నిలబడేవాడు, ఆగస్టుకి నెపోలియన్ పీటర్స్‌బర్గ్‌కి సంధిపత్రం పంపేవాడు.

ఇంకో అభ్యంతరం దగ్గర నాకు జవాబు లేదు. ఆ తగలబడ్డ ఊళ్ళు ఎవరివి? జనరల్ వెనక్కి నడుస్తాడు, ఊరు నడవలేదు. ఆ రైతుల్లో చాలామంది అప్పటికే జమీందార్ల కింద బానిసలు, ఆ శీతాకాలం వాళ్ళేం తిన్నారో ఏ మినారూ మ్యాప్ గియ్యలేదు.

సెప్టెంబర్ 7, మాస్కో దారిలో బరదీనో. నెపోలియన్‌కి చివరికి యుద్ధం దొరికింది, కానీ 1,30,000 మందితోనే చెయ్యాల్సొచ్చింది. ఒక్క రోజులో రెండు వైపులా కలిపి సుమారు 70,000 మంది కూలారు. ఆ రోజు బార్క్లే చేసిన పని ఒకటుంది. యుద్ధానికి వెళ్ళేటప్పుడు తెలివైన అధికారి పాత కోటు వేసుకుంటాడు, దూరం నుంచి గురిపెట్టేవాడికి దొరకకుండా. బార్క్లే మాత్రం పండగ యూనిఫారం తొడుక్కుని, పతకాలన్నీ పెట్టుకుని, ఈకల టోపీతో, ఎక్కడ గుళ్ళు ఎక్కువ పడుతున్నాయో అక్కడే గుర్రం మీద తిరిగాడు. చావు కోసమే తిరిగాడని చూసినవాళ్ళన్నారు. కింద గుర్రాలు ఒకదాని తర్వాత ఒకటి కూలాయి, అతనికి మాత్రం ఏం కాలేదు. ద్రోహి అని ఉత్తరాలు రాసిన బగ్రతియోన్‌కే కాలికి దెబ్బ తగిలింది, రెండు వారాల తర్వాత దాంతోనే చనిపోయాడు. పడిపోయాక బార్క్లేకి క్షమాపణ కబురు పంపాడంటారు. ఆ రోజు సాయంత్రానికి సైన్యంలో బార్క్లేని చూసే చూపు మారింది. మనిషి పిరికివాడు కాదని నమ్మించడానికి చావడానికి కూడా సిద్ధపడి కనిపించాలి, రెండు నెలలపాటు సైన్యాన్ని కాపాడితే సరిపోదు.

వారం తిరక్కుండా సెప్టెంబర్ 13న ఫీలీ అనే ఊళ్ళో ఒక రైతు గుడిసెలో జనరల్స్ కూచున్నారు. మాస్కో ముందు యుద్ధం చెయ్యాలా, వదిలెయ్యాలా? జ్వరంతో ఉన్న బార్క్లే వదిలెయ్యమన్నాడు, ఊరు పోతే దేశం పోదు, సైన్యం పోతే పోతుంది అని. కుతూజోవ్ అందరి మాటా విని అదే తీర్పు చెప్పాడు. పుస్తకాల్లో ఆ తీర్పు కుతూజోవ్ పేరు మీద ఉంటుంది, న్యాయంగానే, ఎందుకంటే చెప్పినవాడే మోస్తాడు. కానీ ఇదే మాట బార్క్లే జూన్ నుంచి నడుస్తూ చెబుతున్నాడు.

అక్టోబర్ మొదట్లో ఆరోగ్యం పేరు చెప్పి సైన్యం వదిలి వెళ్ళిపోయాడు. దారిలో కలూగా ఊళ్ళో జనం అతని బండిని గుర్తుపట్టి ద్రోహి ద్రోహి అని అరుస్తూ రాళ్ళు వేశారని చెబుతారు. అదే నెల 19న నెపోలియన్ మాస్కో వదిలి తిరుగుదారి పట్టాడు. ఏడాది చివర కుతూజోవ్‌కి ఇచ్చిన బిరుదు ఏంటో తెలుసా? ప్రిన్స్ ఆఫ్ స్మోలెన్స్క్. బార్క్లే ఏ ఊరి పేరు మీద తిట్లు తిన్నాడో, ఆ ఊరే.

ఇలా చేసినవాడు యూరప్‌లో ఇతనొక్కడే కాదు. మినార్ అదే కాగితం మీద పైన, రోమ్ మీదికి వచ్చిన కార్తేజ్ సేనాని హానిబాల్ దండయాత్ర కూడా గీశాడు. ఆ హానిబాల్‌తో నేరుగా తలపడకుండా చుట్టూ తిరిగిన రోమన్ ఫేబియస్‌ని అప్పటి జనం ఆలస్యంగాడని వెక్కిరించారు. అతని పద్ధతి వదిలేసి ముఖాముఖి కొట్టడానికి వెళ్ళిన సైన్యం క్రీ.పూ. 216లో కానే దగ్గర తుడిచిపెట్టుకుపోయింది, తర్వాత ఆ వెక్కిరింతే బిరుదైపోయింది. ఇక బార్క్లేకి రెండేళ్ళ ముందు పోర్చుగల్‌లో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్. 1810లో లిస్బన్ దాకా వెనక్కి తగ్గి, తోరెస్ వెద్రాస్ కొండల మీద ముందే కట్టించిన కోటల వరుస వెనకాల కూచుని, బయట ఫ్రెంచి సైన్యం ఆకలితో మాడేదాకా చూశాడు. 1799లో నిజాం సైన్యంతో కలిసి శ్రీరంగపట్నం మీదికి నడిచినవాడతనే. సైన్యం కడుపు ఎద్దుల మీదా లంబాడీల ధాన్యం మూటల మీదా ఆధారపడుతుందని మన దక్కన్‌లోనే నేర్చుకున్నాడు. అతన్నీ లండన్‌లో తిట్టారు. కాకపోతే అతనికి ఉద్యోగం మిగిలింది, తర్వాత వాటర్లూ మిగిలింది.

బార్క్లేకీ తర్వాత రోజులు వచ్చాయి. 1813లో మళ్ళీ పిలిచారు. ఏప్రిల్‌లో కుతూజోవ్ చనిపోయాక కొద్ది వారాలకే రష్యా, ప్రష్యా సైన్యాల అధిపతి అయ్యాడు. లైప్‌జిగ్ యుద్ధం తర్వాత కౌంట్, 1814లో పారిస్ తీసుకున్నాక ఫీల్డ్ మార్షల్, 1815లో ప్రిన్స్. జార్ దగ్గర బాకీ ఏం మిగల్లేదు. జనం దగ్గర మిగిలింది. పీటర్స్‌బర్గ్‌లో జార్ ఉండే వింటర్ ప్యాలెస్‌లో 1812 వీరుల చిత్రాల హాలులో అతని నిలువెత్తు బొమ్మ చూసి రష్యన్ కవి పుష్కిన్ 1835లో పద్యం రాశాడు, దేశాన్ని కాపాడి దేశం చేతే అవమానపడ్డ మనిషి గురించి. దానికే కుతూజోవ్ బంధువొకాయన మా పెద్దాయన్ని చిన్నబుచ్చావని అచ్చేయించి గొడవపెట్టాడు, పుష్కిన్ సంజాయిషీ రాయాల్సొచ్చింది. చనిపోయి పదిహేడేళ్ళయినా బార్క్లేని పొగిడితే సంజాయిషీ! పీటర్స్‌బర్గ్‌లో కజాన్ కెథడ్రల్ ముందు 1837లో ఇద్దరి విగ్రహాలూ చెరోవైపు పెట్టారు. కుతూజోవ్ చెయ్యి ముందుకు చాచి ఎటో చూపిస్తుంటాడు. బార్క్లే ఏమీ చూపించడు, ఊరికే నిలబడి ఉంటాడు.

అతను 1818లో వైద్యం కోసం జర్మనీ వైపు పోతూ దారిలో చనిపోయాడు. గుండెని అక్కడే దగ్గర్లో పాతిపెట్టారు, ఆ చోటు ఇప్పుడు రష్యాలోని కలినిన్‌గ్రాద్ ప్రాంతంలో ఉంది. మిగతా దేహం ఇప్పటి ఎస్తోనియాలో ఒక పల్లె సమాధిలో ఉంది. లాత్వియా రాజధాని రీగాలో 1913లో అతనికి నిలువెత్తు విగ్రహం పెట్టారు. రెండేళ్ళకి యుద్ధంలో దాన్ని దించి తరలిస్తుంటే ఎక్కడో పోయింది, ఖాళీ దిమ్మె మాత్రం దశాబ్దాల పాటు పార్కులో అలాగే ఉండిపోయింది. ఈ శతాబ్దం మొదట్లో నకలు పోత పోయించి మళ్ళీ నిలబెట్టారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, రష్యా సామ్రాజ్యపు సేనాధిపతి మన పార్కులో ఎందుకని అడిగారు. జర్మన్‌గాడని రష్యన్లు రాళ్ళు వేసిన మనిషిని, రష్యా మనిషని చెప్పి 2024 అక్టోబర్‌లో క్రేన్‌తో దించేశారు.